గుర్రాల సేవకుడు మార్షల్ అయిన కథ – జర్మనీ బిరుదులు ఎలా పుట్టాయి?



మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో కైజర్ రెండో విలియం పేరు మీరంతా చదివే ఉంటారు. 1914లో సారాయెవోలో హత్యకు గురైన ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ పేరూ చదివి ఉంటారు. జర్మనీ ఏకీకరణ పాఠంలో ఆటో వాన్ బిస్మార్క్ వస్తాడు. పరీక్షకు సంవత్సరాలు బట్టీపట్టే తొందరలో ఆ కైజర్ అంటే ఏమిటి, ఆర్చ్‌డ్యూక్ అంటే ఏమిటి, పేరు మధ్యలో ఆ 'వాన్' ఎందుకు అని మనం అడగం. ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివిన రోజుల్లో నేనూ అడగలేదు. బి.ఇడి. చదివేటప్పుడు లైబ్రరీలో ఐరోపా చరిత్ర పుస్తకం ఒకటి తిరగేస్తుంటే డ్యూక్, కౌంట్, మార్‌గ్రేవ్, ఎలెక్టర్ అంటూ పేజీ నిండా బిరుదులే కనబడ్డాయి. ఒక్కటీ అర్థం కాలేదు. సరే చూద్దామని నిఘంటువు ముందు పెట్టుకుని ఒక్కొక్క మాటా వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఈ గొప్ప గొప్ప బిరుదుల్లో చాలా భాగం ఒకప్పుడు ఉద్యోగాల పేర్లని. కొన్నయితే అచ్చంగా పనివాళ్ళ పేర్లు.

ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాడు మన పుట్టుక ఏమిటో లెక్కగట్టే చోట పెరిగినవాణ్ణి గనుక నాకు ఈ సంగతి చాలా ఆసక్తిగా అనిపించింది. మీకూ అనిపిస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. మధ్యయుగంలో జర్మనీ అనే ఒకే దేశం లేదు. ఫ్రాంకుల రాజు చార్లెమేన్ క్రీ.శ. 800లో క్రిస్మస్ రోజున రోమ్‌లో పోప్ చేతుల మీదుగా చక్రవర్తి కిరీటం పెట్టుకున్నాడు. 843లో ఆయన మనవలు రాజ్యాన్ని మూడు ముక్కలుగా పంచుకున్నారు. తూర్పు ముక్క నుంచి జర్మన్ రాజ్యం పుట్టింది. 962లో మొదటి ఓట్టో చక్రవర్తి అయ్యాడు. ఆ సామ్రాజ్యమే తర్వాత పవిత్ర రోమన్ సామ్రాజ్యంగా పేరు పొంది 1806 దాకా నిలిచింది. అందులో చిన్నా పెద్దా సంస్థానాలు వందల్లో ఉండేవి. రాజుకు స్థిరమైన రాజధాని కూడా లేదు. పరివారంతో, గుర్రాలతో ఒక కోట నుంచి ఇంకో కోటకు తిరుగుతూ పాలించేవాడు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే బిరుదులు సగం అర్థమైపోతాయి.

కైజర్ అంటే చక్రవర్తి. జూలియస్ సీజర్ పేరే జర్మన్ నోట కైజర్ అయింది. ఒక మనిషి పేరు పదవి పేరుగా మారిందన్నమాట. రాజుకు జర్మన్ మాట క్యోనిగ్. దాని పాత రూపం కునింగ్. వంశం, కులం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. అంటే 'మంచి వంశంలో పుట్టినవాడు' అని. పుట్టుకను బట్టి వచ్చిన పేరు ఇది. మిగతావి చూడండి.

హెర్ట్‌సోగ్ – సేన ముందు నడిచేవాడు

ఇంగ్లీషులో డ్యూక్ అనేవాణ్ణి జర్మన్‌లో హెర్ట్‌సోగ్ అంటారు. పాత జర్మన్‌లో 'హెరి' అంటే సైన్యం, 'ట్సియోహన్' అంటే లాగడం, నడిపించడం. సైన్యాన్ని నడిపించేవాడు హెర్ట్‌సోగ్. మన కాకతీయుల కాలపు దండనాయకుడి లాంటి మాట. క్రీ.శ. 98 ప్రాంతంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి రాస్తూ, వాళ్ళు రాజును వంశం చూసి, సేనానిని శౌర్యం చూసి ఎంచుకుంటారని చెప్పాడు. అంటే మొదట్లో ఇది యుద్ధం వరకే ఉండే బాధ్యత. యుద్ధం ముగిస్తే ఎవరింటికి వాళ్ళు.

10వ శతాబ్దం వచ్చేసరికి సాక్సనీ, ఫ్రాంకోనియా, స్వాబియా, బవేరియా, లోథరింజియా అని ఐదు పెద్ద డచీలు ఏర్పడ్డాయి. అక్కడి హెర్ట్‌సోగ్‌లు రాజుతో సమానంగా మెలిగారు. 919లో సాక్సనీ హెర్ట్‌సోగ్ హెన్రీనే రాజుగా ఎన్నుకున్నారు. అయినా ఆ పదవి తమ సొంతమని వాళ్ళు అనుకున్నంత గట్టిదేమీ కాదు. హెన్రీ ది లయన్ అనే ఆయన సాక్సనీకి, బవేరియాకి రెండింటికీ హెర్ట్‌సోగ్. 1158లో మ్యూనిక్ నగరానికి పునాది వేసింది ఈయనే. ఇటలీ యుద్ధంలో సాయం చేయమని చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా అడిగితే కాదన్నాడు. విచారణకు పిలిస్తే రాలేదు. 1180లో రెండు డచీలూ పోయాయి. సాక్సనీని ముక్కలు చేసి పంచారు. బవేరియాను విటెల్స్‌బాఖ్ వంశానికి ఇచ్చారు. ఆ వంశం 1918 దాకా అక్కడే ఏలింది.

గ్రాఫ్ – కలెక్టర్ పదవి ఆస్తి అయిపోతే?

జర్మన్ బిరుదుల్లో ఎక్కువగా వినబడేది గ్రాఫ్. ఇంగ్లీషులో కౌంట్. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రాయడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందని కొందరు, ఆజ్ఞాపించడం అనే జర్మన్ ధాతువు నుంచి వచ్చిందని కొందరు అంటారు. ఇక కౌంట్ అనే మాటకు మూలమైన లాటిన్ పదం 'కోమెస్'. అర్థం తోడుండేవాడు, రాజుగారి వెంట ఉండేవాడు.

పేరెలా ఉన్నా పని మాత్రం స్పష్టం. చార్లెమేన్ కాలంలో గ్రాఫ్ అంటే జిల్లా మీద రాజు పెట్టిన ఉద్యోగి. కోర్టు నడపాలి, జరిమానాలు వసూలు చేయాలి, యుద్ధమొస్తే తన జిల్లాలోని స్వతంత్రులను వెంటబెట్టుకుని వెళ్ళాలి. వాళ్ళు సరిగా పనిచేస్తున్నారా లేదా అని చూడటానికి రాజు తనిఖీదార్లను పంపేవాడు. సాధారణంగా ఒక మతాధికారి, ఒక లౌకికాధికారి జంటగా వచ్చేవారు. ఇవాళ మన హాస్టల్‌కి తనిఖీ వస్తున్నారంటే వార్డెన్‌గారు పడే హడావుడి చూస్తుంటాంగా, ఆ గ్రాఫ్‌లూ అలాగే పడి ఉంటారు!

మరి పదవి బిరుదుగా ఎలా మారింది? జీతం దగ్గర వచ్చింది చిక్కంతా. అప్పట్లో డబ్బు చలామణీ తక్కువ. జీతానికి బదులు భూమి ఇచ్చేవారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు అనుభవించి తర్వాత తిరిగి ఇచ్చేయాలి. కానీ చేతిలోకి వచ్చిన భూమిని ఎవరు వదులుతారు? తండ్రి పోగానే కొడుకు వచ్చి నాకే ఇవ్వండి అనేవాడు. రాజు బలహీనంగా ఉంటే కాదనలేకపోయేవాడు. రెండు మూడు తరాలు గడిచేసరికి అదే ఆచారం, ఆచారమే హక్కు అయింది. మన జిల్లా కలెక్టర్‌ని ఊహించుకోండి. ఆయన కొడుకు కలెక్టర్, మనవడు కలెక్టర్, చివరికి జిల్లా అంతా ఆ ఇంటి సొంత ఆస్తి, కోర్టు ఫీజులు ఆ ఇంటి ఆదాయం. మధ్యయుగ జర్మనీలో జరిగింది సరిగ్గా ఇదే.

గ్రాఫ్‌లలో రకాలున్నాయి. 'మార్క్' అంటే సరిహద్దు. సరిహద్దు కాపలా గ్రాఫ్‌ని మార్క్‌గ్రాఫ్ అన్నారు. డెన్మార్క్ పేరులో ఉన్నదీ ఆ మార్కే. శత్రువు పక్కనే ఉంటాడు కాబట్టి వీళ్ళకు సైన్యం ఎక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. అందుకే తర్వాతి కాలపు పెద్ద రాజ్యాలు సరిహద్దుల్లోనే పెరిగాయి. 976లో ఆస్ట్రియా సరిహద్దును బాబెన్‌బెర్గ్ వంశపు లియోపోల్డ్‌కి అప్పగించారు. 1156లో అది డచీ అయింది. 1157 నాటికి బ్రాండెన్‌బుర్గ్ ఆల్బర్ట్ ది బేర్ చేతికి వచ్చింది. ఒకటి వియన్నాకు, రెండోది బెర్లిన్‌కు దారితీసింది.

ఫాల్ట్స్‌గ్రాఫ్ అంటే రాజభవనపు గ్రాఫ్. రోమ్ నగరంలో చక్రవర్తుల భవనాలున్న కొండ పేరు పాలటైన్. ఆ పేరు నుంచే ఇంగ్లీషు ప్యాలెస్, జర్మన్ ఫాల్ట్స్ రెండూ వచ్చాయి. రాజు ఊరూరా తిరుగుతాడని చెప్పాను కదా, ఆయన దిగే భవనాల వ్యవహారం చూసేవాళ్ళలో రైన్ నది ప్రాంతపు ఫాల్ట్స్‌గ్రాఫ్ అందరికంటే పెద్దవాడయ్యాడు. లాండ్‌గ్రాఫ్ అంటే విశాలమైన ప్రాంతానికి గ్రాఫ్. 1131లో థురింజియా పాలకుడికి ఈ పేరు దక్కింది.

బుర్గ్ అంటే కోట. కోట బాధ్యత చూసే బుర్గ్‌గ్రాఫ్ పదవి చిన్నదే. కానీ న్యూరెంబర్గ్ కోట బుర్గ్‌గ్రాఫ్‌గా 12వ శతాబ్దం చివర కుదురుకున్న హోహెన్‌జోలెర్న్ వంశం సంగతి చూడండి. 1415లో రాజు సిగిస్మండ్ వాళ్ళకు బ్రాండెన్‌బుర్గ్ ఇచ్చాడు. 1701లో ప్రష్యాలో రాజులయ్యారు. 1871లో జర్మనీకే కైజర్లయ్యారు. మన పాఠంలోని రెండో విలియం ఆ వంశంలో ఆఖరి కైజర్. 1918లో గద్దె దిగి హాలెండ్ వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే నాకు నచ్చిన గ్రాఫ్ వేరే ఉన్నాడు. ఉత్తర జర్మనీ సముద్రతీరంలో నేల పల్లం. కరకట్టలు లేకపోతే ఊళ్ళు మునుగుతాయి. ఆ కట్టల బాధ్యత చూసేవాణ్ణి డైఖ్‌గ్రాఫ్ అంటారు, అంటే కట్టల గ్రాఫ్. ఇతను రాజవంశీకుడు కాదు, ఊరి రైతుల్లో ఒకడు. థియోడోర్ స్టోర్మ్ 1888లో రాసిన 'గుర్రపు రౌతు' కథలో హౌకె హైయెన్ అనే చిన్న రైతు కొడుకు డైఖ్‌గ్రాఫ్ ఇంట్లో పాలేరుగా చేరి, లెక్కలు నేర్చిన తెలివితో తానే డైఖ్‌గ్రాఫ్ అవుతాడు. గ్రాఫ్‌ల రాజ్యాలన్నీ పోయినా కట్టలు చూసే సంఘాల పెద్దకు అక్కడక్కడా ఈనాటికీ ఈ పేరే వాడుతున్నారు. సముద్రం ఇంకా ఉంది కదా మరి!

వంటశాల, గుర్రపుశాల, మధుపాత్ర

ఇప్పుడు అసలు కథకు వద్దాం. రాజు ఇంట్లో నాలుగు ముఖ్యమైన పనులుండేవి. భోజనం బల్ల చూసేవాడు ట్రుఖ్‌సెస్. మధుపాత్ర అందించేవాడు షెంక్. పడకగది, బట్టలు, డబ్బు చూసేవాడు కెమ్మరర్. గుర్రాలు చూసేవాడు మార్షల్. ఈ చివరి మాట విడదీయండి. పాత జర్మన్‌లో 'మరహ్' అంటే గుర్రం, 'స్కల్క్' అంటే సేవకుడు, ఇంకా చెప్పాలంటే బానిస. మరహ్‌స్కల్క్ అంటే గుర్రాల సేవకుడు. ఈవేళ మనం ఫీల్డ్ మార్షల్ అనీ ఎయిర్ మార్షల్ అనీ సెల్యూట్ కొట్టే మాట అదే. విచిత్రమేమిటంటే స్కల్క్ అనే మాట విడిగా ఉన్నచోట పైకి రాలేదు. నేటి జర్మన్‌లో షాల్క్ అంటే కొంటెవాడు.

గుర్రాలు చూసేవాడు పెద్దవాడు ఎలా అయ్యాడు? సేనలో గుర్రమే బలం. గుర్రాల లెక్క తెలిసినవాడికి సేన లెక్క తెలుస్తుంది. పైగా రోజూ రాజుకు దగ్గరగా ఉంటాడు. 936లో ఆఖెన్‌లో మొదటి ఓట్టో పట్టాభిషేకం జరిగినప్పుడు ఈ నాలుగు పనులనూ నలుగురు హెర్ట్‌సోగ్‌లు చేశారని విడుకిండ్ అనే సన్యాసి రాసిపెట్టాడు. లోథరింజియా గిసెల్‌బెర్ట్ కెమ్మరర్, ఫ్రాంకోనియా ఎబెర్‌హార్డ్ భోజనం బల్ల, స్వాబియా హెర్మన్ మధుపాత్ర, బవేరియా ఆర్నుల్ఫ్ గుర్రాలు, విడిది. పండుగరోజు ఒక్కరోజు వాళ్ళు సేవకుల వేషం వేశారు. మరి మిగతా రోజుల్లో ఆ పని చేసిందెవరు?

చేసినవాళ్ళు నిజంగా సేవకులే. లాటిన్‌లో వాళ్ళను మినిస్టీరియాలెస్ అన్నారు, జర్మన్‌లో డీన్‌స్ట్‌మన్, అంటే సేవ మనిషి. మన మినిస్టర్ అనే మాటకూ మూలం ఆ సేవే. వీళ్ళు చట్టరీత్యా స్వతంత్రులు కారు. యజమాని సొత్తు. బిషప్‌కో రాజుకో చెందిన మినిస్టీరియాలిస్‌ని ఇంకొకరికి దానం ఇవ్వొచ్చు, మార్పిడి చేయొచ్చు. వేరే యజమాని మనుషులతో పెళ్ళి చేసుకోవాలంటే అనుమతి కావాలి. అలా చేసుకుంటే పుట్టిన పిల్లలను ఇద్దరు యజమానులూ పంచుకున్న సందర్భాలున్నాయి. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. నాకు పిల్లల్ని పంచుకోవడం అన్నచోట పుస్తకం మూసేయాలనిపించింది.

అయితే 11వ శతాబ్దం నుంచి వీళ్ళ చేతికే కోటలు, గుర్రాలు, ఆయుధాలు, లెక్కల పుస్తకాలు వచ్చాయి. కారణం తేలికే. గ్రాఫ్‌లు, హెర్ట్‌సోగ్‌లు పదవులను ఆస్తులుగా చేసుకుని మాట వినడం మానేశారు. బిషప్‌లకూ రాజులకూ చెప్పిన పని చేసేవాళ్ళు, తీసేస్తే పోయేవాళ్ళు కావాలి. అస్వతంత్రుడైన మనిషైతే ఎదురు తిరగడు అనుకున్నారు. నాలుగో హెన్రీ సాక్సనీలో కొత్త కోటలు కట్టి అందులో స్వాబియా నుంచి తెచ్చిన ఇలాంటివాళ్ళను పెట్టాడు. సాక్సన్ ప్రభువులకు ఒళ్ళు మండింది. పుట్టుక తక్కువవాళ్ళు మా మీద పెత్తనమా అన్నారు. 1073లో జరిగిన సాక్సన్ తిరుగుబాటుకు అది కూడా ఒక కారణం. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

పని చేతిలో ఉంటే పలుకుబడి తనంతట తానే వస్తుంది. 12వ శతాబ్దపు చివర వెర్నర్ ఫాన్ బోలాండెన్ అనే మినిస్టీరియాలిస్ నలభైకి పైగా ప్రభువుల నుంచి భూములు పొందాడు. అతనికి 17 కోటలున్నాయని ఆనాటి చరిత్రకారుడొకడు రాశాడు. చట్టం దృష్టిలో మాత్రం అతను స్వతంత్రుడు కాదు! మార్క్‌వార్డ్ ఫాన్ అన్‌వైలర్ మరీ విశేషం. ఆరో హెన్రీ చక్రవర్తి ఇతనికి 1195లో స్వేచ్ఛనిచ్చి రవెన్నాకు డ్యూక్‌ని, అంకోనాకు మార్క్‌గ్రాఫ్‌ని చేశాడు. నిన్నటిదాకా ఒకరి సొత్తు, ఇవాళ డ్యూక్. సుమారు 1200 ప్రాంతపు గొప్ప కవి హార్ట్‌మన్ ఫాన్ ఔవె కూడా డీన్‌స్ట్‌మన్నే. ఒక కావ్యం మొదట్లో తనను తాను పరిచయం చేసుకుంటూ, పుస్తకాలు చదవగలిగినంత చదువుకున్న రౌతునని చెప్పుకున్నాడు. తన కోటల గురించి కాదు, చదువు గురించి చెప్పుకున్నాడు చూడండి.

13, 14 శతాబ్దాల్లో వీళ్ళకూ స్వతంత్ర రౌతులకూ మధ్య తేడా చెరిగిపోయింది. అందరూ కలిసి చిన్న ప్రభువుల తరగతి అయ్యారు. పనుల పేర్లు ఇంటిపేర్లయ్యాయి. 1944 జూలై 20న హిట్లర్‌ని బాంబుతో చంపబోయిన సైనికాధికారి పూర్తి పేరు క్లౌస్ షెంక్ గ్రాఫ్ ఫాన్ స్టౌఫెన్‌బెర్గ్. ఇప్పుడు మీరే ఆ పేరు చదవగలరు. షెంక్ అంటే మధుపాత్ర అందించేవాడు, గ్రాఫ్ అంటే జిల్లా అధికారి.

రౌతు అన్నాను. జర్మన్‌లో రిట్టర్ అంటే గుర్రమెక్కేవాడు. ఇంగ్లీషులో అదే హోదాకు నైట్ అంటారు. దాని సోదరపదం జర్మన్‌లో క్నెఖ్ట్. రెండింటికీ పాత అర్థం కుర్రవాడు, పనికుర్రవాడు. ఇంగ్లండ్‌లో ఆ మాట 'సర్' అనిపించుకుంది, జర్మనీలో పాలేరుగానే మిగిలిపోయింది. ఫ్రైహెర్ అంటే స్వతంత్ర ప్రభువు, ఇంగ్లీషు బారన్‌కు సమానం. స్వతంత్రుడు అని ప్రత్యేకంగా చెప్పుకోవలసి వచ్చిందంటేనే చుట్టూ స్వతంత్రులు కాని ప్రభువులు ఎందరుండేవారో అర్థమవుతుంది. మన పాఠంలో వచ్చే ప్రష్యా యుంకర్లు కూడా, మాటకు అర్థం తీస్తే, 'చిన్నదొర'లు.

ఆ రోజుల్లో ఇదంతా తప్పు అన్నవాడే లేడా? ఉన్నాడు. ఐకె ఫాన్ రెప్‌గౌ అనే ఆయన 1220-1235 మధ్య 'సాక్సన్ల అద్దం' అనే న్యాయ గ్రంథం రాశాడు. రాజు మొదలు చివరి రౌతు దాకా ఎవరు ఎవరి కింద అన్నది ఏడు మెట్లుగా అందులో వివరించాడు. అదే పుస్తకంలో బానిసత్వం గురించి చర్చించి, దేవుడు మనిషిని తన రూపంలో చేశాడు కాబట్టి ఒక మనిషి ఇంకొక మనిషికి సొత్తు కావడం తన బుద్ధికి సత్యమనిపించడం లేదని, బలవంతం నుంచీ చెర నుంచీ అన్యాయం నుంచీ పుట్టినదాన్ని పాత ఆచారం గనుక హక్కు అంటున్నారని రాశాడు. ఏడు మెట్లు రాసిన చేత్తోనే ఇదీ రాశాడు.

ఓట్స్ కుప్పలోకి గుర్రం

ఫ్యూర్‌స్ట్ అంటే యువరాజు కాదు, మొదటివాడు. ఇంగ్లీషు ఫస్ట్‌కు దగ్గరి చుట్టం. నేరుగా చక్రవర్తి నుంచే అధికారం పొందిన పెద్ద ప్రభువుల పేరు ఇది. వీళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. 936లో మొదలైన క్వెడ్లిన్‌బుర్గ్ మఠానికి అధిపతురాలు తన భూభాగాన్ని తానే పాలించే ఫ్యూర్‌స్టిన్. బిస్మార్క్ 1865లో గ్రాఫ్ అయ్యాడు, 1871లో ఫ్యూర్‌స్ట్ అయ్యాడు.

ఫ్యూర్‌స్ట్‌లలో రాజును ఎన్నుకునే హక్కున్నవాడు కూర్‌ఫ్యూర్‌స్ట్. 'కూర్' అంటే ఎంపిక. వీళ్ళనే ఇంగ్లీషులో ఎలెక్టర్లు అంటారు. చక్రవర్తి నాలుగో చార్లెస్ 1356లో 'గోల్డెన్ బుల్' అనే శాసనం ద్వారా వాళ్ళు ఏడుగురని తేల్చాడు. మైన్జ్, కొలోన్, ట్రియర్ ఆర్చ్‌బిషప్‌లు ముగ్గురు. బొహీమియా రాజు, రైన్ ఫాల్ట్స్‌గ్రాఫ్, సాక్సనీ హెర్ట్‌సోగ్, బ్రాండెన్‌బుర్గ్ మార్క్‌గ్రాఫ్ నలుగురు. ఈ నలుగురికీ పాత నాలుగు పనులే బిరుదులుగా దక్కాయి. ఎలా చేయాలో కూడా శాసనంలో ఉంది. సభ జరిగే భవనం ముందు గుర్రం ఛాతీ ఎత్తున ఓట్స్ గింజల కుప్ప పోయాలి. సాక్సనీ హెర్ట్‌సోగ్ గుర్రం మీద వచ్చి, వెండి కొలపాత్ర నిండా గింజలు ముంచి, మొదట ఎదురైన సేవకుడికి ఇవ్వాలి. అదే మార్షల్ పని. బ్రాండెన్‌బుర్గ్ ఆయన చేతులు కడుక్కోవడానికి వెండి గిన్నెల్లో నీళ్ళు, తువ్వాలు తేవాలి. ఫాల్ట్స్‌గ్రాఫ్ నాలుగు వెండి పళ్ళేల్లో భోజనం పెట్టాలి. బొహీమియా రాజు వెండి పాత్రలో ద్రాక్షసారా అందించాలి. పేదవాడు దినమూ చేస్తే ఊడిగం, వీళ్ళు ఎప్పుడో ఒకసారి చేస్తే వైభవం.

ఆ శాసనంలో మన విద్యార్థులకు పనికొచ్చే మాట కూడా ఒకటుంది. ఎలెక్టర్ల కొడుకులకు ఏడో ఏట మొదలుపెట్టి లాటిన్, ఇటాలియన్, స్లావ్ భాషలు నేర్పాలని, పద్నాలుగో ఏటికి వచ్చేయాలని. ఇంగ్లీషు గ్రామర్‌కే ఆపసోపాలు పడుతున్నామని దిగులు పడకండి, వాళ్ళకు మూడు! ఇంకో సంగతి. కొలోన్ కూర్‌ఫ్యూర్‌స్ట్ ఉండిన భవనం బాన్ నగరంలో ఉంది. 1818లో స్థాపించిన బాన్ విశ్వవిద్యాలయానికి ముఖ్య భవనం అదే. 1920ల తొలినాళ్ళలో మన బాబాసాహెబ్ అంబేడ్కర్ లండన్‌లో ఉంటూ పేరు నమోదు చేసుకున్న విశ్వవిద్యాలయం అది.

ఏడుగురిలో ఆస్ట్రియా పేరు లేదని గమనించారా? అక్కడి హెర్ట్‌సోగ్ నాలుగో రుడాల్ఫ్, చార్లెస్‌కు స్వయానా అల్లుడు. మామ తనను వదిలేశాడని కడుపు మండింది. 1358-59 ప్రాంతంలో తన కచేరీలో దొంగ పత్రాలు తయారు చేయించాడు. పూర్వ చక్రవర్తులే కాదు, ఏకంగా జూలియస్ సీజరూ నీరో కూడా ఆస్ట్రియాకు ప్రత్యేక హక్కులిచ్చినట్టు రాయించాడు. అందులోనే 'ఎర్ట్స్‌హెర్ట్‌సోగ్', అంటే ఆర్చ్‌డ్యూక్ అనే కొత్త బిరుదు తగిలించుకున్నాడు. చార్లెస్‌కు అనుమానం వచ్చి ఇటలీ కవి పెట్రార్క్‌ను అడిగాడు. సీజర్ తనను 'మేము' అని రాసుకోడు, అగస్టస్ అనే బిరుదు సీజర్‌కు లేనే లేదు, రాసినవాడు మొద్దు అని పెట్రార్క్ 1361లో ఏకిపెట్టాడు. అంతటితో పోయిందా? లేదు. అదే వంశపు మూడో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాక 1453లో ఆ పత్రాలకు ఆమోద ముద్ర వేశాడు. అవి దొంగవని 1852లో వాటెన్‌బాఖ్ అనే చరిత్రకారుడు రుజువు చేశాడు. అప్పటికే బిరుదు స్థిరపడిపోయింది. ఏ ఆర్చ్‌డ్యూక్ హత్యతో ప్రపంచ యుద్ధం మొదలైందో, ఆయన బిరుదు దొంగ కాగితం మీద పుట్టిందన్నమాట.

'వాన్' సంగతి కొద్దిగా. జర్మన్‌లో దాన్ని ఫాన్ అని పలుకుతారు. అర్థం 'నుంచి', 'ఫలానా ఊరి' అని. మొదట ఊరి పేరు చెప్పుకోవడమే. తర్వాత ప్రభువుల గుర్తు అయింది. నాలుగో చార్లెస్ కాలం నుంచి కాగితం రాసిచ్చి ప్రభువుల్లో చేర్చే పద్ధతి వచ్చింది. 1360లో అలా కాగితం పొందిన మైన్జ్ నగరపు మతాధికారి పేరు వైకర్ ఫ్రోష్. ఫ్రోష్ అంటే కప్ప.

ఇక ఒక చేదు సంగతి. 1525లో దక్షిణ జర్మనీ రైతులు తిరగబడ్డారు. మెమ్మింగెన్ పట్టణంలో రాసుకున్న పన్నెండు కోర్కెల్లో మూడోది, మమ్మల్ని సొత్తుగా చూడటం మానండి, క్రీస్తు అందరికోసం రక్తం చిందించాడు అని. వాళ్ళను అణచిన సేనాపతి పేరు గియోర్గ్ ట్రుఖ్‌సెస్ ఫాన్ వాల్డ్‌బుర్గ్. ట్రుఖ్‌సెస్ అంటే భోజనం బల్ల చూసేవాడు. ఆ వంశం మినిస్టీరియాలెస్ నుంచి పైకి వచ్చిందే. తమ ముత్తాతలు అనుభవించిన దాని నుంచి విడుదల కోరినవాళ్ళను వేలసంఖ్యలో నరికించాడు. అతనికి తన ఇంటిపేరు అర్థం తెలియదనుకోను. తెలిసీ అలా చేయడానికి నాలుగైదు తరాల మరుపు చాలు కాబోలు.

1919 ఆగస్టు 11న వచ్చిన వైమార్ రాజ్యాంగం 109వ అధికరణంలో పుట్టుక వల్ల వచ్చే ప్రత్యేక హక్కులనూ లోట్లనూ రద్దు చేసింది. బిరుదులు పేరులో భాగంగా మాత్రమే మిగిలాయి, కొత్తవి ఇవ్వకూడదు. అదే ఏడాది ఆస్ట్రియా ఇంకో అడుగు ముందుకేసి పేర్లలోంచి 'ఫాన్' కూడా తీసేయించింది. మన రాజ్యాంగంలో 18వ అధికరణం కూడా సైనిక, విద్యా విశిష్టతలు తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వరాదంటుంది. అంతకు ముందే 17వది ఉంది, అదేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

రద్దు కాని బిరుదులు రెండు మిగిలాయి. హెర్ అంటే పాత అర్థం పెద్దవాడు, దొర. ఫ్రౌ అంటే దొరసాని. ఒకప్పుడు అందరినీ అలా పిలిచేవారు కారు. ఇప్పుడు జర్మనీలో బస్సు డ్రైవరైనా, మంత్రైనా, ఆసుపత్రి వరుసలో నిలబడ్డ రోగైనా హెర్, ఫ్రౌ అనే పిలుస్తారు. అక్కడ బాగా ఎక్కువగా వినబడే ఇంటిపేరు ముల్లర్. అర్థం పిండిమర నడిపేవాడు. హెర్ ముల్లర్ అని పిలిచారంటే, పిండిమర దొరగారూ అని పిలిచినట్టే.